మస్అలా ఒక్కటే అడిగితే చాలదు

భార్యకు పది రోజులు దాటినా రక్తస్రావం ఆగడం లేదు, నమాజు చదవవచ్చా? నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా జుమా తర్వాత భర్తలు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. జవాబు కష్టమైనదేమీ కాదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం హైజ్ (బహిష్టు) కనీసం మూడు రోజులు, గరిష్ఠం పది రోజులు. పది దాటితే ఆమెకు ప్రతినెలా అలవాటున్న రోజులే హైజ్, మిగిలినది ఇస్తిహాజా. గుస్ల్ చేసి, ప్రతి నమాజు వేళకూ తాజాగా వుజూ చేసుకుని నమాజు చదవాలి, రోజాలూ పాటించాలి.

భర్త తృప్తిగా ఇంటికి వెళతాడు. అసలు రక్తం ఎందుకు పోతున్నదో ఎవరూ అడగరు. శోచనీయమైన విషయం ఇదే.

హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) ఇదే బాధతో స్వయంగా దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి అడిగారు. అది బహిష్టు కాదనీ, నరం నుంచి వచ్చే రక్తమనీ ఆయన వివరించారు. తెలుసుకోవడానికి సిగ్గును అడ్డు రానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు. మన ఇళ్లలో మాత్రం కొత్త కోడలు తెల్లబట్ట గురించి అత్తగారితో చెప్పుకోవడానికే జంకుతుంది.

మస్అలా మేము చెబుతాం, కారణం డాక్టరమ్మ చెప్పాలి. అది థైరాయిడ్ కావచ్చు, హార్మోన్ల తేడా కావచ్చు, గర్భసంచిలో గడ్డ కావచ్చు, తెలియకుండా జరిగిన గర్భస్రావమూ కావచ్చు. దాంపత్యం తర్వాత రక్తం కనిపిస్తే అసలు ఆలస్యం చేయకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు అదొక గుర్తు. ఈ క్యాన్సర్‌కు కారణం దాదాపు ఎప్పుడూ హెచ్.పి.వి. అనే వైరస్. చాలామందిలో అది దానంతటదే పోతుంది. కొందరిలో నిలిచిపోయి, సాధారణంగా 15, 20 ఏళ్లకు క్యాన్సర్‌గా మారుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, రక్తమూ కనిపించదు. బాధ లేనప్పుడే పరీక్ష ఎందుకంటే ఇందుకే. పలుచని అసెటిక్ ఆమ్లం పూసి, తెల్లబడిన మచ్చ కోసం చూస్తారు, కొద్ది నిమిషాల పని. 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకొకసారి ఈ పరీక్ష జరగాలని 2016 నాటి ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య టీకా వేయించడం మేలు.

ఒక మాట భర్తలకు. ఈ వైరస్ ఏళ్ల తరబడి గుట్టుగా ఉండగలదు, భర్త నుంచీ రాగలదు. దాన్ని చూసి భార్య శీలాన్ని శంకించడం జుల్మ్. దాంపత్యం ద్వారా సోకే ఇన్ఫెక్షన్లలో మందులు ఆమె ఒక్కతే వాడితే జబ్బు తిరిగొస్తుంది. పిల్లలు కలగకపోతే ముందుగా జరగాల్సిన సులభ పరీక్ష భర్తదే. కోడలిని దర్గాలన్నీ తిప్పేవారు కొడుకును లేబొరేటరీకి పంపరు!

30 ఏళ్ల లోపువారికి పని లేదనుకోవద్దు. పెళ్లయిన అమ్మాయి ఏడాదికొకసారి రక్తం, బి.పి., షుగర్ చూపించుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. గర్భం కోరుకునేవారు ముందునుంచే ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడితే బిడ్డ వెన్నుపాము, మెదడు లోపాల ముప్పు తగ్గుతుంది.

పర్దా మాటకొస్తే, లేడీ డాక్టర్‌కే చూపించుకోవాలి. ముస్లిమేతర డాక్టరమ్మ అయినా ఫర్వాలేదు. ఎవరూ దొరకని అవసరంలో పురుష డాక్టర్‌కు చూపించుకోవడానికి ఫుఖహా అనుమతించారు, చూడవలసిన భాగం మాత్రమే, తోడు ఉండగా. పెళ్లికాని పిల్లలకు సాధారణంగా లోపలి పరీక్ష చేయరు, పొట్టపై స్కానింగ్ చాలు.

2022లో నంద్యాల జిల్లా కేంద్రమైంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి సుమారు 40 కిలోమీటర్లు, వెళ్లిరావడానికి ఒక పూట. గర్భిణులకు ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత పరీక్షలున్నాయి. వెళ్లేముందు గత మూడు నెలల బహిష్టు తేదీలు కాగితంపై రాసుకోండి, డాక్టరమ్మ మొదట అడిగేది అదే. లోపలి పరీక్షతో రోజా విషయంలో సందేహం వస్తుంది కనుక రమజాన్‌కు ముందో, పండుగ తర్వాతో వెళ్లండి. రక్తస్రావం ఎక్కువగా ఉంటే మాత్రం ఆగవద్దు, ఆ రోజాకు తర్వాత ఖజా చేసుకోవచ్చు.