ఒక్క బేస్ గిటారు... అన్ని పాటలకీ!

కాలేజీ వేడుకలో సినిమా పాట, చర్చిలో కీర్తన, స్నేహితులతో రాక్... అన్నీ వాయించాలని మీ అమ్మాయి బేస్ గిటారు కొనమంటోందా? ఒక్కటి చాలు, చూసి కొంటే!

తీగల కదలికను పట్టుకుని ఆంప్లిఫయర్‌కు పంపేది పికప్. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు అది ఒక్కటే. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కు రెండు. ఈ రెండో పద్ధతిలో చేసిన చవక రకాలూ దొరుకుతాయి. మెడవైపు పికప్ పెంచితే నిండైన నాదం, బ్రిడ్జి వైపుది పెంచితే పదును. మొదట నాలుగు తీగలది చాలు. మెడ వంగినదైతే ఎంత చవకైనా వద్దు. డబ్బంతా గిటారుకే పెట్టేయకండి, ఆంప్లిఫయర్ లేకుంటే మోత వినపడదు.

అన్నట్టు, మన విశాఖ ఉప్పుగాలికి తీగలు తుప్పుపడతాయి. వాయించగానే పొడిగుడ్డతో తుడవమనండి!