పాత ఫైబరు పడవకు మళ్ళీ ప్రాణం

మన సంఘాలలో సముద్రం మీద బ్రతికే కుటుంబాలు అనేకం. మెట్ట గ్రామాల పాఠకులకు ఎడ్లూ నాగలీ ఎలాంటివో, తీరంలోని వారికి పడవ అలాంటిది. ఒకప్పుడు అది చెక్క పడవ. నోవహు ఓడకు లోపలా వెలుపలా కీలు పూసినట్టే మన పెద్దలు కూడా పలకల సందులలో నార కుక్కి పైన కీలు పూసేవారు. ఇప్పుడు మన ఒడ్డున ఎటు చూసినా ఫైబరు పడవలే. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమం వారు ఇసుక ఒడ్డుకు లాగగలిగే పడవలను ఫైబరుతో చేయించి చూపించారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి ఉన్నవి కొట్టుకుపోయాక, పంచిపెట్టిన పడవలలో ఈ రకానివి చాలా ఉన్నాయి. ఆనాటి పడవలకు ఇప్పుడు ఇరవై ఏండ్లు దాటాయి.

"చెక్క కుళ్ళుతుంది గాని ఫైబరుకు చావు లేదు" అని మనవాళ్ళు అంటుంటారు. ఆ మాటలో సగమే నిజం. ఫైబరు అంటే గాజు నారలకు పట్టించిన రెజిన్. గాజు కుళ్ళదు. కాని పైనున్న నున్నని పొర, అంటే జెల్ కోటు, పగిలితే నీరు మెల్లగా లోపలికి దిగుతుంది. లోపల చెక్క దాచి ఉన్న చోట అది అందరు చెక్కల్లాగే కుళ్ళుతుంది. బయటికి మాత్రం పడవ నవనవలాడుతూనే ఉంటుంది.

కాకినాడకు ఉత్తరాన ఉన్న మా ఊరిలో, 2023 వేట నిషేధ కాలంలో, మేము అన్నదమ్ములం ఇద్దరం, మా బావ కలిసి అలాంటి పాత పడవ ఒకటి కొన్నాము. కొత్త పడవ మాకు అందేది కాదు. ఈ డబ్బు కూడా మా ఇంటి ఆడవారు పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు గనుక, ఆ లోగా పడవను ఇంటి దగ్గరే బాగుచేసి, నిషేధం ఎత్తిన రోజునే నీళ్ళలో దించాలని మా లెక్క. నిషేధం తరువాత మొదటి పది రోజుల వేట ఎంత విలువైనదో తీరంలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు.

పడవను దొడ్డిలో బోర్లించి, మొదట మంచినీళ్ళతో నాలుగైదు సార్లు కడిగాము. ఉప్పు మిగిలి ఉంటే అది గాలిలోని తేమను పీలుస్తూనే ఉంటుంది, ఎన్నాళ్ళు ఎండబెట్టినా ఆరదు. తరువాత రూపాయి బిళ్ళతో అడుగంతా తట్టి చూశాము. బాగున్న చోట టంగుమని మోగుతుంది. పొరలు విడిపోయిన చోట బోలుగా, మద్దెల మీద తడిగుడ్డ వేసినట్టు పలుకుతుంది. అక్కడల్లా సుద్దముక్కతో గీత గీయడం మా పిల్లల పని. వారి చెవులు మాకన్నా చురుకు. అక్కడక్కడ బొబ్బలు కూడా లేచి ఉన్నాయి. పొడిస్తే పుల్లని వాసనగల నీరు కారింది. దానిని తుడిచి పైన పెయింటు వేసేవారున్నారు. అది పుండు మీద పౌడరు అద్దడం వంటిది.

పాడైన భాగాన్ని గ్రైండరుతో గట్టి పొర తగిలేవరకు తీసివేయాలి. అంచులు నిటారుగా ఉండకూడదు, పళ్ళెం లోపలి వాలులా ఉండాలి. మందం ఎంతో దానికి పన్నెండు రెట్ల దూరం వాలు ఉండాలని లెక్క. 5 మిల్లీమీటర్ల మందమైతే చుట్టూ 6 సెంటీమీటర్లు. అంత దూరం ఎందుకని అడగకండి, కొత్త అతుకు పట్టేది ఆ వాలు మీదనే. ఆ గాజు ధూళి ఒంటిని పట్టుకుంటే రెండు రోజులు నిద్ర ఉండదు. నిండు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి. దురద పుడితే రుద్దకుండా చన్నీళ్ళు పోసుకోవాలి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు.

ఇక ఆరబెట్టడం. చేతికి పొడిగా తగిలితే చాలదు. ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కను ఆ చోట పరచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలి వైపు చెమట పట్టిందంటే ఇంకా తడి ఉన్నట్టే. మాకు మే నెల ఎండలలో కూడా అడుగు ఆరడానికి మూడు వారాలు పట్టింది.

రెజిన్ కలిపేటప్పుడు ప్రాణాలకు సంబంధించిన మాట ఒకటుంది. రెజిన్‌లో కోబాల్టు అనే ఊదారంగు ద్రవం, తరువాత హార్డనర్ కలుపుతారు. ఆ రెంటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ పోయకూడదు. భగ్గుమని మండుతుంది, పేలనూవచ్చు. కోబాల్టు రెజిన్‌లో బాగా కలిసిన తరువాతనే హార్డనర్. కొన్ని డబ్బాలలో కోబాల్టు ముందే కలిపి అమ్ముతారు, కొనేటప్పుడే అడగండి. కిలో రెజిన్‌కు హార్డనర్ 10 నుండి 20 మిల్లీలీటర్లు. మన ఎండలకు 10 దగ్గరే ఉంటే మంచిది, లేకపోతే బ్రష్ ముంచేలోగా డబ్బాలోనే గడ్డకడుతుంది. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే కనీసం పావుగంట ధారగా నీళ్ళు పోసి ఆసుపత్రికి పరుగెత్తాలి. మిగిలిన రెజిన్ డబ్బాలోనే పొగలు కక్కుతుంది గనుక దానిని తాటాకు చూరు దగ్గర గాక ఇసుకలో పెట్టాలి. పొయ్యి వెలిగే చోట ఈ పని వద్దు. గర్భిణులను, పసిపిల్లలను ఆ వాసనకు దూరంగా ఉంచాలి.

మేట్ వేయడం తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేవారము. 450 గ్రాముల మేట్ ముక్కలను ఒకదానికన్నా ఒకటి పెద్దవిగా కత్తిరించుకున్నాము. పెద్ద ముక్క ముందా చిన్న ముక్క ముందా అన్నదానిలో మేస్త్రిలలోనే రెండు మాటలున్నాయి, ఆ తగవులోకి మేము పోము. మేట్ బరువుకు రెండు, రెండున్నర రెట్లు రెజిన్ చాలు. ఎక్కువ పోస్తే బలం రాదు, పెళుసుతనం వస్తుంది. తెల్లని మచ్చలు కనబడితే లోపల గాలి ఉన్నట్టు, రోలరుతో నొక్కి బయటికి తోలాలి. ఒకే పూట మూడు నాలుగు పొరలకు మించి వేస్తే వేడెక్కి వంకరపోతుంది.

జూన్ మొదటి వారానికి అడుగు పూర్తయింది. వెనుక వైపు ఇంజిను బిగించే చోట పాత బోల్టు విప్పితే, రంధ్రంలోనుండి టీ డికాషన్ లాంటి నీరు కారింది. రెండు ఫైబరు పొరల నడుమ ఉన్న చెక్క కుళ్ళిపోయిందన్నమాట.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద మాటలే నడిచాయి. మా మావయ్య ముప్పై ఏండ్లు వేట చేసినవాడు. "ఒరే అల్లుళ్ళూ, పైన రెండు మేట్లు వేసి బిగించేయండి. వేట పోతుంది. వచ్చే ఏడు చూసుకోవచ్చు" అన్నాడు. ఫైబరు మేస్త్రి గారు ఒప్పుకోలేదు. "కెరటం మీద ఇంజిను ఊపుకు ఆ గోడే ఊడితే ఏం చేస్తారు బాబూ? పది మైళ్ళ దూరంలో ఎవర్ని పిలుస్తారు?" అన్నాడు. మాలో మేమే రెండు పక్షాలయ్యాము. చివరకు అప్పు ఎవరి పేరున ఉందో ఆమె, మా వదిన, అంది: "వాయిదా ఆలస్యమైతే సంఘంలో నాలుగు మాటలు పడతాను. మీరు రాకపోతే నేనెవరితో చెప్పుకోను?" ఆ మాట తరువాత మావయ్య కూడా మాట్లాడలేదు. జూన్ వాయిదాకు ఆమె చెవి కమ్మలు తాకట్టుకు వెళ్ళాయి.

లోపలి పొర కోసి, కుళ్ళిన చెక్కను గరిటెతో తవ్వి తీశాము. మెరైన్ ప్లైవుడ్ కొత్తది పెట్టి, రెజిన్ పుట్టీతో అతికించి, పైన మళ్ళీ మేట్ వేశాము. బోల్టుల పని మేస్త్రి గారే చేశారు. కావలసినదానికన్నా పెద్ద రంధ్రం తొలిచి, పుట్టీతో నింపి, గట్టిపడ్డాక దాని నడుమ సరైన కొలతకు మళ్ళీ తొలిచారు. ఇక నీరు దిగినా చెక్కను తాకదు. పీటల కింద తేలడానికి పెట్టిన నురుగు దిమ్మలు కూడా నీళ్ళు తాగి ఉంటే మార్చాము. ఆ ఖాళీలో థర్మోకోల్ కుక్కి పైన ఈ రెజిన్ పూస్తే థర్మోకోల్ కరిగిపోతుంది. ఇది తెలియక పోగొట్టుకున్నవారు మా ఊళ్ళోనే ఉన్నారు.

జూన్ 15న మిగతా పడవలన్నీ వెళ్ళాయి. మేము ఒడ్డున కూర్చుని చూశాము. మాది దిగింది జూన్ 27న. కొన్నప్పుడు దానిని ఇసుక మీద లాగడానికి పదిమంది కావలసివచ్చింది. ఆ రోజు ఏడుగురం సరిపోయాము. తగ్గిన బరువంతా లోపల దాగి ఉన్న నీళ్ళదే. కమ్మలు ఆగస్టులో ఇంటికి వచ్చాయి. మిగిలిన మేట్ చుట్టను ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టాము. హార్డనర్ సీసాను మాత్రం ఇంట్లో ఉంచలేదు.