ఆరు రంధ్రాల వాల్వు

మాత్రలో మందు ఎంతుందో తేల్చడానికి హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి 20 మైక్రోలీటర్ల ద్రావణం చాలు. అది ఒక నీటిబొట్టులో సగం కూడా ఉండదు. యంత్రం దాన్ని కాలమ్ అనే గొట్టంలోకి పంపి, అందులోని పదార్థాలను విడదీసి, ఒక్కోదానికీ ఒక్కో పీక్ గీస్తుంది. పీక్ వైశాల్యాన్ని బట్టే లెక్క. కాబట్టి లోపలికి వెళ్లిన ద్రావణం రెండు శాతం తగ్గితే, మందూ రెండు శాతం తక్కువున్నట్టే కనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఆకుల రంగులను సుద్దపొడి గొట్టంలో విడదీసిన మిఖాయిల్ త్స్వెత్‌కు ఈ బెడద లేదు. ద్రావణాన్ని పైనుంచి పోస్తే సరిపోయేది. 1960ల్లో యేల్ విశ్వవిద్యాలయంలో చాబా హోర్వాత్ వంటివారు సన్నటి కాలమ్‌లలోకి పంపుతో ద్రవాన్ని ఎక్కువ ఒత్తిడితో నెట్టడం మొదలుపెట్టాక చిక్కు వచ్చింది. అంత ఒత్తిడిలో శాంపిల్‌ను లోపలికి ఎలా పంపాలి? మొదట్లో రబ్బరు బిళ్లలోంచి సిరంజి గుచ్చేవారు. ఒత్తిడికి ద్రావణం వెనక్కి తన్నేది, రబ్బరు తునకలు కాలమ్‌కు అడ్డుపడేవి. పంపు ఆపి ఇంజెక్ట్ చేసినవారూ ఉన్నారు.

దీనికి విరుగుడుగా స్థిరపడింది ఆరు రంధ్రాల తిరుగుడు వాల్వు. 1970ల్లో కాలిఫోర్నియాకు చెందిన రియోడైన్ సంస్థ తెచ్చిన 7125 మోడల్ ఎన్నో ప్రయోగశాలలకు చేరింది. ‘లోడ్’ స్థితిలో పంపు ద్రవం నేరుగా కాలమ్‌కు పోతుంది. ఆ సమయంలో, ఒత్తిడి లేని లూపు అనే సన్న గొట్టంలో శాంపిల్ నింపుతారు. పిడి తిప్పగానే లూపు పంపు దారిలోకి వస్తుంది, శాంపిల్ కాలమ్‌లోకి కొట్టుకుపోతుంది. కొలత బాధ్యత చేతి నుంచి లూపుకు మారింది.

అయినా కొలత తప్పుతూనే ఉంటుంది. కాలువ నడిమి నీరు పరుగెడుతుంటే గట్టును ఆనుకున్న నీరు నిదానంగా కదులుతుంది; లూపులోనూ అంతే. మధ్యధార సగటుకు రెట్టింపు వేగంతో వెళ్తుంది. అందుకే 20 మైక్రోలీటర్ల లూపులోకి సరిగ్గా 20 పంపితే కొంత శాంపిల్ వ్యర్థంలోకి జారిపోతుంది, గోడల వెంట పాత ద్రవం మిగిలిపోతుంది. పూర్తిగా నింపాలంటే లూపు కొలతకు కొన్ని రెట్లు, వీలైతే 100 మైక్రోలీటర్లదాకా పంపాలి. పాక్షికంగా నింపితే సగానికి, అంటే 10కి మించకూడదు. సూది మొన చదునుగా ఉండాలి. వాడి మొన వాల్వులో తిరిగే భాగమైన రోటర్ సీల్‌ను గీస్తుంది, గీత పడితే లీకే.

తర్వాత శాంపిల్‌ను తనంతట తానే ఇంజెక్ట్ చేసే ఆటోశాంప్లర్ వచ్చి మనిషి చేతిని తప్పించింది గానీ తప్పులను తప్పించలేదు. సిరంజిలో గాలి బుడగ చేరవచ్చు. శాంపిల్ ఉండే చిన్న సీసాను, అంటే వయల్‌ను నిండా నింపి మూత బిగిస్తే, సూది ద్రావణం లాగుతున్న కొద్దీ లోపల ఒత్తిడి పడిపోయి తక్కువ కొలత వస్తుంది. చిక్కటి ద్రావణాన్ని వేగంగా లాగినా అంతే.

లోపం ఇంజెక్షన్‌దేనా? గాఢత ముందే తెలిసిన ఒకే ద్రావణాన్ని, అంటే స్టాండర్డ్‌ను వరసగా ఇంజెక్ట్ చేసి చూడాలి. పీక్‌లన్నీ ఒకే నిష్పత్తిలో పెరిగి తరుగుతూ, అవి వచ్చే సమయం మాత్రం నిలకడగా ఉంటే ముందు ఇంజెక్టర్‌ను అనుమానించాలి. సమయమూ మారుతుంటే పంపును, ఒక్క పీకే మారుతుంటే ఆ పదార్థాన్నీ, పీక్ వైశాల్యాన్ని లెక్కగట్టే ఇంటిగ్రేషన్‌నూ చూడాలి. ఆటోశాంప్లర్ సూది లాగినదంతా కాలమ్‌కు పంపే రకమైతే తూకమూ సాక్ష్యం చెబుతుంది: 10 మైక్రోలీటర్ల చొప్పున పదిసార్లు నీరు తీస్తే వయల్ బరువు దాదాపు 100 మిల్లీగ్రాములు తగ్గాలి.

అమెరికా ఫార్మకోపియా, వరస ఇంజెక్షన్ల మధ్య అనుమతించే తేడా (సాపేక్ష ప్రామాణిక విచలనం) 2 శాతం లేదా అంతకు తక్కువైతే స్టాండర్డ్‌ను 5 సార్లు, ఎక్కువైతే 6 సార్లు ఇంజెక్ట్ చేయమంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల నాణ్యత పరీక్ష (క్యూసీ) ల్యాబుల్లో పనిచేసే అనలిస్టులకు ఇది నిత్యకృత్యమే. విలువలు కుదరనప్పుడు, కుదిరేదాకా మళ్లీ మళ్లీ ఇంజెక్ట్ చేయడం పరీక్ష అనిపించుకోదు. కారణం పట్టుకుని, సరిచేసి, రాసిపెట్టాకే మాత్రను పాస్ చేయాలి.