నలుగురిలో ఎందరు?

కంచికచర్లలో హైవేకి దగ్గరగా ఒక అద్దె గది అనుకోండి. శనివారం రాత్రి. ఆరుగురు ఇంజనీరింగ్ కుర్రాళ్ళు. నేల మీద పరిచిన పాత పేపరు, దాని మీద మిక్చరు, ఉల్లిపాయ ముక్కలు, పొట్లంలో చికెన్ పకోడీ. ఒకడి పుట్టినరోజు. ఆరు ప్లాస్టిక్ గ్లాసులు, ఆరింట్లోనూ నల్లగా నురగ. ఒకడు గ్లాసులన్నీ ఒక్కచోటికి చేర్పించి, ముఖాలు పడకుండా చేతులు మాత్రం పడేట్టు ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు.

చూసినవాళ్ళకి ఆరు గ్లాసుల్లోనూ ఉన్నది మందే. నిజానికి మూడింట్లోనే రమ్ము కలిసింది. మిగతా మూడూ ఒట్టి థమ్సప్. ఆ ముగ్గురూ మందు కోసం రాలేదు, స్నేహితుడి కోసం వచ్చారు. గదిలో వాళ్ళ మీదున్న ఫిర్యాదల్లా మంచింగంతా వాళ్ళే ఊడ్చేస్తున్నారని. ఫొటోలో మాత్రం రమ్ముకీ థమ్సప్‌కీ రంగు ఒకటే.

ఇక రమ్ము పుచ్చుకున్న ముగ్గురి సంగతి. అందులో ఒకడికి ఆ వాసనే పడదు. "ఏం మామా, పాలసీసా తెమ్మంటావా" అంటారేమోనని గ్లాసు పట్టాడు. రెండోవాడిదీ అదే వరస. అయితే వీడు వాణ్ణి చూసి "అలవాటైనవాడే" అనుకున్నాడు. వాడూ వీణ్ణి చూసి అదే అనుకున్నాడు. గది బయటివాళ్ళకి గ్లాసులో ఏముందో తెలీదు. గది లోపలివాళ్ళకి పక్కవాడి మనసులో ఏముందో తెలీదు.

గది నేను ఊహించిందే. ఈ రెండు పొరపాట్లు మాత్రం శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కొలిచి చూసినవి.

తెలుగులో మనకో మాట ఉంది, నలుగురు. నలుగురూ ఏమనుకుంటారో అంటాం, నలుగురితో పాటు నారాయణా అంటాం. ఆ నలుగురు ఎవరో, నిజంగా నలుగురే ఉన్నారో లేదో ఎవరూ లెక్కపెట్టరు. అయినా బట్టలు, పెళ్ళి ఖర్చు, చదువు అన్నీ ఆ లెక్కపెట్టని నలుగుర్ని చూసే నడుస్తాయి. కాలేజీ కుర్రాడి మందూ అంతే.

ఈ నలుగుర్ని లెక్కపెట్టే పని 1986లో అమెరికాలో ఇద్దరు మొదలుపెట్టారు. వెస్లీ పెర్కిన్స్, అలన్ బెర్కోవిట్జ్. న్యూయార్క్ రాష్ట్రంలోని హోబార్ట్ అండ్ విలియం స్మిత్ కాలేజీల విద్యార్థులను రెండు సంగతులు అడిగారు: తాగుడు గురించి నువ్వేమనుకుంటున్నావు, మీ కాలేజీలో మిగతావాళ్ళు ఏమనుకుంటున్నారని నీ అంచనా? ఎక్కువమంది తమ సంగతి చెప్పినప్పుడు మితంగానే చెప్పారు. మిగతావాళ్ళు మాత్రం తమకంటే చాలా విచ్చలవిడిగా ఉన్నారని నమ్మారు. ఎవడికి వాడు, ఆ మితం తనొక్కడిదే అనుకుంటున్నాడు. ఆ తర్వాత ఇదే ప్రశ్న ఎన్నో కాలేజీల్లో అడిగారు. సిగరెట్ల గురించి అడిగారు, గంజాయి గురించి అడిగారు. అంచనా దాదాపు ప్రతిచోటా అసలు కంటే ఎక్కువే తేలింది.

ఎందుకని? అరవైమంది సెక్షన్ ఒకటి తీసుకోండి. అందులో శనివారం సిట్టింగ్ వేసినవాళ్ళు ఆరుగురు. మిగతా యాభైనలుగురూ నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం బస్సులెక్కి ఇంటికెళ్ళి, అమ్మ చేతి అన్నం తిని నిద్రపోయారు. సోమవారం పొద్దున క్లాసులో ఏ కబురు తిరుగుతుంది? "నేను శనివారం పప్పుచారు తిని పడుకున్నాను మామా" అని ఎవడూ చెప్పడు. వాంతి చేసుకున్నవాడి కథ మాత్రం వారం రోజులు నడుస్తుంది, చెప్పేవాణ్ణి బట్టి బీరు సీసాలు పెరుగుతాయి. జరిగింది కథ అవుతుంది, జరగనిదానికి కథ ఉండదు. స్టేటస్‌లు వచ్చాక ఈ తూకం ఇంకా ఒరిగింది. తాగని శనివారాన్ని ఫొటో తీసేవాడు లేడు కదా.

దీనికి తోడు చిన్న గణితం ఒకటుంది. 1991లో స్కాట్ ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక వింత చూపించాడు: సగటున చూస్తే మన స్నేహితులకి మనకంటే ఎక్కువమంది స్నేహితులుంటారు. ఆశ్చర్యమేమీ లేదు, బోలెడుమంది స్నేహితులున్నవాడు బోలెడుమంది స్నేహితుల జాబితాల్లో ఉంటాడు గనక. కాలేజీలో పార్టీలు తిరిగేవాడు సాధారణంగా పదిమందికి తెలిసినవాడే. గదిలోంచి కదలని కుర్రాడు ఇద్దరికి తెలుస్తాడు. అందుకే ఎవరు తమ చుట్టూ చూసుకున్నా పార్టీగాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. తప్పు చూసినవాడి కంట్లో లేదు, కంటికి అందే మనుషుల ఎంపికలో ఉంది.

గది లోపలి పొరపాటు ఇంకా లోతైంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్లాయిడ్ ఆల్‌పోర్ట్ 1930ల మొదట్లోనే దీన్ని గుర్తించి పేరు పెట్టాడు. మనం ఉమ్మడి అపోహ అనుకోవచ్చు. ప్రతివాడికీ లోపల ఒక మాట ఉంటుంది, పైకి ఇంకోలా నటిస్తాడు. పక్కవాడి నటనను మాత్రం నిజమనుకుంటాడు. 1993లో డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో దీన్ని మందు మీదే పరీక్షించారు. క్యాంపస్‌లో తాగుడు అలవాట్లు నీకెంత సమ్మతం అని అడిగితే విద్యార్థులు కొంచెం ఇబ్బందిగానే జవాబిచ్చారు. సగటు విద్యార్థికి ఎంత సమ్మతం అంటే, నాకంటే ఎక్కువే అన్నారు. అందరూ సగటు కంటే తక్కువ ఉండటం లెక్కల్లో కుదిరే పని కాదు.

అసలు విశేషం తర్వాతది. అదే విద్యార్థుల్ని సెమిస్టర్ చివర్లో మళ్ళీ అడిగితే, అబ్బాయిల అభిప్రాయం ఆ లేని సగటు వైపు జరిగింది. అంటే ఎవరూ నిజంగా నమ్మని మాటకి నెమ్మదిగా నమ్మేవాళ్ళు తయారవుతున్నారు. అమ్మాయిలు తమ అభిప్రాయం మార్చుకోలేదు. మన దగ్గర "ఈ ఒక్కసారికి కంపెనీ ఇవ్వు బావా" అన్న మాట చేసే పని ఇదే. ఆ మాటలో బలవంతం ఏమీ కనిపించదు. కానీ కాదంటే పోయేది మందు కాదు, కంపెనీ. పద్దెనిమిదేళ్ళవాడికి అది చిన్న నష్టం కాదు.

ఆ వయసు గురించి ఒక్క మాట. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కారు నడిపే కంప్యూటర్ ఆట ఒకటి ఆడించారు. పసుపు లైటు పడ్డాక ఆగాలా, దూసుకుపోవాలా? ఒంటరిగా ఆడినప్పుడు కంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు దాదాపు రెట్టింపు సాహసాలు చేశారు. పద్దెనిమిది, ఇరవై దాటినవాళ్ళలో ఆ పెరుగుదల తక్కువ, పెద్దవాళ్ళలో దాదాపు లేదు. పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర బైకు మీద ముగ్గురు ఎక్కి వెళ్తున్నప్పుడు ముందున్నవాడి చెయ్యి యాక్సిలరేటర్ ఎందుకు తిప్పుతుందో ఈ ఆట కొంత చెబుతుంది. బైకు నడిపేది ఒక్కడు, వేగం ముగ్గురిది.

సరే, మన లెక్క చూద్దాం. ముందు మీరే ఒక అంకె అనుకోండి: ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళు వందమందిలో మందు తాగేవాళ్ళు ఎందరు? నేను అడిగితే యాభై అన్నవాళ్ళున్నారు, డెబ్భై అన్నవాళ్ళూ ఉన్నారు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది 23.3. ఆడవాళ్ళలో 0.5. ఇందులో కాలేజీ కుర్రాళ్ళే కాదు, తాతలూ మామయ్యలూ కూలీలూ అందరూ ఉన్నారు. మద్యం, మత్తుపదార్థాల వాడకం మీద ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. పది నుంచి డెబ్భై అయిదేళ్ళ వాళ్ళలో మద్యం తాగేవాళ్ళు 14.6 శాతం, గంజాయి, చరస్ వాడేవాళ్ళు 1.2 శాతం అని చెప్పింది. అంటే గంజాయి వెయ్యిమందిలో పన్నెండుమంది. పన్నెండు కూడా తక్కువేం కాదు, ఒక్కో ఇంటికి అదెంత పెద్ద అంకో ఆ ఇంటివాళ్ళకే తెలుసు. కానీ "ఇప్పుడు కుర్రాళ్ళంతా అదే" అన్న మాటకీ ఆ పన్నెండుకీ పొంతన లేదు.

సర్వేలో జనం నిజం చెబుతారా అంటారు. కొంత దాస్తారు, నిజమే. అయితే కంచికచర్ల నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకొని జగ్గయ్యపేట దాటి, గరికపాడు చెక్‌పోస్టు అవతలికి వెళ్ళండి. అదే సర్వే, అవే ప్రశ్నలు. తెలంగాణ మగవాళ్ళలో 43.3 శాతం, ఆడవాళ్ళలో 6.7 శాతం తాగుతారని తేలింది. ఒకే భాష, ఒకే రోడ్డు, దాదాపు ఒకే వంట. మారింది నలుగురు. అక్కడ చాలా ఇళ్ళల్లో పండక్కీ చావుకీ కల్లో మందో మర్యాదలో భాగం. ఇక్కడ తండ్రి ముందు గ్లాసు పట్టుకోవడం ఇంకా తప్పే. ఇంట్లో ఉన్నది "తప్పు" అనే నలుగురు, గదిలో ఉన్నది "తాగు" అనే నలుగురు. మన కుర్రాడు వారానికి రెండుసార్లు ఆ రెండు గుంపుల మధ్యా బస్సు మారుతుంటాడు.

పొరపాటు అంకెదే అయితే అసలు అంకె చెప్తే సరిపోదా? అమెరికాలో నార్తర్న్ ఇలినాయ్ విశ్వవిద్యాలయం అదే చేసింది. 1988లో అడిగితే, పార్టీల్లో అతిగా తాగేవాళ్ళు దాదాపు 70 శాతం ఉంటారని విద్యార్థులు అనుకున్నారు. తీరా 45. భయపెట్టే పోస్టర్లు పక్కనపెట్టి ఆ అసలు అంకెనే క్యాంపస్ అంతా ప్రచారం చేశారు. తర్వాతి ఏళ్ళలో అంచనా తగ్గింది, తాగుడూ తగ్గింది. మిగతా విశ్వవిద్యాలయాలు ఎగబడి అనుకరించాయి. అప్పుడు హార్వర్డ్‌కి చెందిన హెన్రీ వెక్స్‌లర్ బృందం 2003లో అలా ప్రచారం చేసిన కాలేజీలనీ చెయ్యని కాలేజీలనీ పోల్చి చూసి, తాగుడు తగ్గిన దాఖలా లేదంది. 2015లో కాక్రేన్ సంస్థ ఈ అధ్యయనాలన్నీ కూడదీసి, ఉన్న ప్రయోజనం చాలా స్వల్పమని తేల్చింది. గోడ మీద పోస్టరు చూసి పెద్దగా ఎవడూ మారడన్నమాట. ఒకవేళ మారితే ఎటు మారతాడో కూడా చెప్పలేం. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో ఇళ్ళకి ఇరుగుపొరుగు సగటు కరెంటు వాడకం తెలియజేస్తే, ఎక్కువ వాడేవాళ్ళు తగ్గించారు, తక్కువ వాడేవాళ్ళేమో పెంచేశారు.

నా ఉద్దేశంలో పనికొచ్చేది ప్రెంటిస్ 1998లో క్రిస్టీన్ ష్రోడర్‌తో కలిసి చేసిన ప్రయోగం. కొత్తగా చేరిన విద్యార్థుల్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి ఈ ఉమ్మడి అపోహ సంగతే మాట్లాడించారు. తాగొద్దని ఎవరూ చెప్పలేదు. నెలల తర్వాత ఆ గుంపుల్లోవాళ్ళు, మామూలు జాగ్రత్తలు విన్నవాళ్ళకంటే తక్కువ తాగుతున్నామని చెప్పారు. పోస్టరు మీది అంకెను నమ్మకపోవచ్చు. ఎదురుగా కూర్చున్న పదిమందిలో ఆరుగురు "నాకూ అది పడదు రా" అంటే నమ్మక తప్పదు.

మన దగ్గర జరిగేది తిరకాసుగా ఉంటుంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్తుపదార్థాల మీద ఈగల్ అనే ప్రత్యేక విభాగం పెట్టింది. "డ్రగ్స్ వద్దు బ్రో" నినాదం ఊరూరా వినిపించింది. ఆ నినాదం నాకు నచ్చింది, అందులో మాట్లాడేది సారు కాదు, తోటివాడు. కానీ ఆ నినాదం వినిపించిన సభలోనే తర్వాత మైకు అందుకున్న పెద్దమనిషి "గంజాయి ప్రతి కాలేజీలోకీ వచ్చేసింది, యువత మొత్తం నాశనమైపోతోంది" అంటాడు. ఆయన ఉద్దేశం మంచిదే. వెనక వరసలో కూర్చున్న ఫస్టియర్ కుర్రాడికి మాత్రం "అందరూ వాడుతున్నారు, నువ్వొక్కడివే మిగిలావు" అని వినిపిస్తుంది. రవాణా మీద, అమ్మకం మీద ఎంత గట్టిగానైనా మాట్లాడండి. విద్యార్థుల సంఖ్య దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోటికొచ్చిన అంకె చెప్పకండి.

ఇప్పటికే అలవాటులో పడ్డవాడికి ఈ అంకెలతో పనిలేదు, వైద్యం కావాలి. ఈగల్ టోల్‌ఫ్రీ నంబరు 1972. వ్యసనం నుంచి బయటపడటానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446.

కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళకి ఒక మనవి. తెల్ల కాగితం చీటీలు పంచండి. పేరు వద్దు, రోల్ నంబరు వద్దు. రెండే ప్రశ్నలు: గడిచిన నెలలో నువ్వు మందు గానీ గంజాయి గానీ తీసుకున్నావా? ఈ క్లాసులో వందకి ఎందరు తీసుకొని ఉంటారని నీ అంచనా? పిల్లల్లోనే ఇద్దర్ని పిలిచి అక్కడికక్కడే లెక్కపెట్టించి రెండు అంకెలూ బోర్డు మీద రాయించండి. అసలు అంకె పెద్దదే తేలినా అలాగే ఉంచండి, దిద్దకండి. తర్వాత మీరు ఉపన్యాసం ఇవ్వొద్దు, వాళ్ళనే మాట్లాడుకోనివ్వండి. ఒక్క పీరియడ్ పని. ఈ ఏడు ఫ్రెషర్స్ డే తర్వాత కాదు, ముందే చెయ్యండి.