పేటెంటుకు కర్చీఫ్ వేయడం

కిక్కిరిసిన బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే సీటు మనదైపోదు. మనం ఎక్కేదాకా ఇంకొకరు కూర్చోకుండా ఆగుతారు, అంతే. జనం ‘అంతర్జాతీయ పేటెంట్’ అనేది అలాంటి కర్చీఫే. ప్రపంచమంతా చెల్లే పేటెంట్ ఎక్కడా లేదు, ఏ దేశానిది ఆ దేశమే ఇస్తుంది. పేటెంట్ సహకార ఒప్పందం, అంటే పీసీటీలో మన దేశం 1998 డిసెంబరు 7న చేరింది. ఒక్క దరఖాస్తుతో 150కి పైగా దేశాల్లో మన దాఖలు తేదీని పట్టి ఉంచడమే అది చేసే పని.

హైదరాబాద్‌లోని మన సైనిక్‌పురి మాజీ సైనికోద్యోగుల కాలనీ. పక్కనే ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, కాస్త ముందుకెళ్తే చర్లపల్లి పారిశ్రామికవాడ. సోల్డరింగ్ తెలిసిన చేతులకు ఇక్కడ కొదవలేదు. కాబట్టి పేటెంట్ చట్టంలోని 39వ సెక్షన్ ఇక్కడివాళ్లకు ముందుగా తెలియాలి. భారత్‌లో ఉంటున్నవాళ్లు నేరుగా విదేశంలో దాఖలు చేయకూడదు. ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి, లేదంటే ముందే అనుమతి తీసుకోవాలి. రక్షణ, అణుశక్తి విషయాలైతే కేంద్రం ఒప్పుకుంటేనే అనుమతి. మీరితే దరఖాస్తు పోవడమే కాదు, జైలు శిక్షకూ వీలుంది.

ఇక ఖర్చు. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయడానికి 1,600 రూపాయలు. మన ప్రాంతం చెన్నై ఆఫీసు కిందికి వస్తుంది, రైలెక్కే పని మాత్రం లేదు. ప్రొవిజనల్ వేసిన రోజు నుంచి 12 నెలల్లోపు పూర్తి వివరణా వేయాలి, పీసీటీ దరఖాస్తూ వేయాలి. పీసీటీ ఫీజు 1,330 స్విస్ ఫ్రాంకులు. వినగానే గుండె జారుతుంది గానీ, భారత్ వంటి దేశాల వ్యక్తులకు అందులో 90 శాతం తగ్గింపు ఉంది. ఆవిష్కరణ కొత్తదా కాదా అని వెతికి చెప్పే పని 2013 నుంచి మన పేటెంట్ ఆఫీసే చేస్తోంది. వ్యక్తులకు దాని రుసుము 2,500 రూపాయలు. ఇవన్నీ కలిపినా సర్కారుకు కట్టేది ఇరవై వేల చుట్టుపక్కలే.

చాలామంది జారిపడేది దరఖాస్తుదారు పేరు దగ్గర. విజిటింగ్ కార్డుకు బాగుంటుందని చిన్న కంపెనీ పెట్టి దాని పేరు కూడా జతచేస్తే, ఆ 90 శాతం తగ్గింపు మొత్తం పోతుంది. అలాగని కంపెనీ సొత్తును బినామీగా మన పేరిట వేయడమూ కుదరదు.

ఇంకోటి, నోరు. దాఖలుకు ముందే యూట్యూబ్‌లో వీడియో పెట్టారంటే యూరప్‌ను వదులుకున్నట్టే. అమెరికా ఏడాది ఓపిక పడుతుంది, యూరప్ పట్టదు.

ప్రొవిజనల్ కదా అని నాలుగు ముక్కలు గీకితే తర్వాత ఏడవాలి. నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే ఆసు యంత్రాన్నే తీసుకోండి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం, చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు చేయి తిప్పి ఆసు పోసే తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో దాన్ని చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి యంత్రం గురించి ‘మోటారుతో ఆసు పోస్తుంది’ అని రాస్తే చాలదు. దారం మేకు చుట్టూ ఎలా తిరుగుతుంది, ఒక మేకు నుంచి పక్కదానికి ఎలా జరుగుతుంది, ఎన్ని చుట్లయ్యాక ఆగాలో యంత్రానికి ఎలా తెలుస్తుంది, ఇవన్నీ బొమ్మలతో ఉండాలి. రాయని దానికి ఆ తేదీ దక్కదు. చిత్తు రాయడానికి తోడు కావాలంటే సైనిక్‌పురి పక్కనే వాయుపురిలో, బ్రిగేడియర్ పోగుల గణేశం గారి ‘పల్లెసృజన’ ఉంది. ఊరి ఆవిష్కర్తలకు సాయం చేయడమే వాళ్ల పని.

అసలు ఖర్చు మొదటి దరఖాస్తు నుంచి 30, 31 నెలల దగ్గర కాచుకుని ఉంటుంది. అప్పుడు ఒక్కో దేశంలో విడిగా అడుగుపెట్టాలి. అమెరికాలో ‘మైక్రో ఎంటిటీ’గా అర్హత ఉంటే చాలా ఫీజుల్లో 80 శాతం తగ్గుతుంది. అక్కడి అటార్నీ బిల్లు మాత్రం తగ్గదు. జపాన్, చైనాలకైతే అనువాదం ఖర్చు అదనం. పైగా పేటెంట్ బతికి ఉన్నంతకాలం రెన్యూవల్ రుసుములు. శోధన నివేదిక ఈలోపే చేతికొస్తుంది. అందులో పాత పేటెంట్లు వరసకట్టి కనిపిస్తే అక్కడితో ఆపేయాలి. నా లెక్కలో ఆవిష్కర్తకు నిజంగా డబ్బు మిగిలేది ఇక్కడే, ఫీజు రాయితీలో కాదు.

మల్లేశం యంత్రం కొనేవాళ్లు పోచంపల్లి, పుట్టపాక మగ్గాల ఇళ్లలో ఉన్నారు. అక్కడ నేసే ఇకత్‌ను ఇండోనేషియాలోనూ నేస్తారు, నిజమే. ఇవాళ ఎవరైనా అలాంటి యంత్రం చేస్తే, జకార్తాలో అటార్నీని పెట్టుకునే ముందు అక్కడ దాన్ని కొనేవాళ్లు పదిమందైనా ఉన్నారా అని విచారించుకోవడానికి ఆ ముప్పై నెలలు చేతిలో ఉంటాయి.