రాతిలో నిలిచిన పలుకు

వ్రాత పుట్టిననాడు అక్షరములు లేవు, బొమ్మలే యుండెను. ఆవును తెలుపుటకు ఆవు తలను గీసినచో చాలును. కాని పని చేయుటను ఎట్లు గీయుదురు? మన భాషలోనే ఒక ఉపాయ మున్నది. చేతి బొమ్మను వేసి ‘చేయి’ అని చదివినచో, అదియే ‘ఈ పని చేయి’ అనుటకును సరిపోవును. సుమేరు లేఖకులు ఇట్లే చేసిరి. వారి భాషలో బాణము ‘తి’, ప్రాణమును ‘తి’యే. కావున బాణపు గుర్తు ప్రాణమునకు చెల్లినది. బొమ్మ తన అర్థమును విడిచి ధ్వనిని పట్టుకొన్నది.

మన బ్రాహ్మి త్రోవ వేరు. క్రీ. పూ. 3వ శతాబ్దిలో అశోకుడు కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండలపై చెక్కించిన వ్రాతలో ‘క’ యనగా కూడిక గుర్తు వంటి రెండు గీతలు. అకారము అందులోనే కలిసియున్నది. పైన కుడివైపు చిన్న గీత చేర్చిన ‘కా’, ఎడమవైపు చేర్చిన ‘కే’, అడుగున చేర్చిన ‘కు’. బడిపిల్లలు విసుగుకొనుచు వల్లించు గుణింతము ఇదియే.

గద్వాల సీమలో, తుంగభద్ర యొడ్డున, అలంపురమున బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయములు గలవు. అచ్చటి విజయాదిత్యుని సంస్కృత శాసనము ఉత్తరదేశపు సిద్ధమాతృకా లిపిలో నున్నది. ఆ కాలపు ఇతర శాసనములు తెలుగు కన్నడములకు పూర్వరూపమైన లిపిలో నున్నవి. రెంటికిని తల్లి బ్రాహ్మియే. సంస్కృతమును ఏ లిపిలో వ్రాసినను ధ్వని మారదు.

తెలుగును వ్రాయవలసి వచ్చినపుడే చిక్కు కలిగినది. సంస్కృతమున లేని ధ్వనులు మనకు గలవు. వానికై క్రొత్త అక్షరములు కల్పించిరి. బండి ‘ఱ’ అట్టిది. మరియొకటి ‘ఴ’. తమిళులు తమ భాష పేరు చివర నాలుక వంచి పలుకు ధ్వని యిది. వారి ‘ఏఴు’ మనకు ‘ఏడు’. వారి ‘కోఴి’ మన ‘కోడి’. నన్నయ కాలమునకు, అనగా 11వ శతాబ్దికి, ఈ అక్షరము తెలుగున వాడుక తప్పినది. తొలి శాసనములు నిలువకున్నచో, మన పూర్వు లట్లు పలికిరని ఎవరు నమ్ముదురు?

అలంపుర శాసనములను వెలుగులోనికి తెచ్చుటకు గడియారం రామకృష్ణశర్మగారు ఎంతో శ్రమించిరి. శాసనమునకు నకలు తీయు పద్ధతి సులభమే. తడి కాగితమును రాతిపై పరచి, కుంచెతో అదిమి, సిరా అద్దుదురు. పల్లమైన అక్షరములు తెల్లగా, తక్కినది నల్లగా తేలును. అయితే వనపర్తిలో గాని నాగర్‌కర్నూలులో గాని, భక్తితోనే యైనను, గుడిముందటి శాసనశిలకు ఏటేట సున్నము పూసినచో ఆ పల్లములు పూడిపోవును. అప్పుడు కాగితమునకు అంటునది సున్నమే.