రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు ప్రధాని ప్రకటించిన వెయ్యి కోట్ల తక్షణ సాయమే వార్తలకెక్కింది గానీ, జాలరిపేట వంటి మత్స్యకార వాడల్లో పడవలకూ వలలకూ సాయమందించే నిత్య ఆధారం 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ఏర్పడిన ఈ నిధే. ఆంధ్రప్రదేశ్‌ విషయంలో ఇందులో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం జమచేస్తాయి. తీవ్ర విపత్తులో అది చాలకపోతే కేంద్రం నిర్వహించే జాతీయ నిధి తోడవుతుంది. ఖర్చుకాని నిల్వను కేంద్ర బాండ్లలో, ట్రెజరీ బిల్లుల్లో, అంటే ప్రభుత్వ స్వల్పకాలిక రుణపత్రాల్లో, మదుపు చేయవచ్చు. కేంద్రం తన వాటాగా ఇచ్చే గ్రాంటు ఆలస్యమైతే మాత్రం రాష్ట్రం రిజర్వు బ్యాంకు వేలంలో తన రుణపత్రాలు అమ్ముకొని, గ్రాంటుకు లేని వడ్డీని భరించవలసి రావచ్చు. పైగా నిబంధనల దృష్టిలో ఈ నిధి నుంచి అందే సాయం ఉపశమనమే, నష్టపరిహారం కాదు; పడవ అసలు ఖరీదులో మిగతాది జాలరే సమకూర్చుకోవాలి.